మేకల దొడ్డికి ఇంగ్లీషు పేరు

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి మేకల అరుపులు తప్ప నీ మాట ఒక్కటీ చెవిన పడలేదు. రెండోసారికి షెడ్డు పూర్తయిందనీ, లోను చేతికొచ్చిందనీ అర్థమైంది. మూడోసారికి గానీ అసలు పని తెలియలేదు. బోర్డు రాసే ఆయన శుక్రవారం వస్తాడు, ఈలోగా నేను "స్టైల్‌గా ఉండే ఇంగ్లీషు పేరు" ఒకటి చెప్పాలి. నలభై మేకలు, రెండు పోతులు, చెరువుగట్టు మీద ఒక రేకుల షెడ్డు. దానికి లండన్‌లో ఉన్నవాడే పేరు పెట్టాలట! నేనుండేది లండన్ కాదురా, క్రాలీ అని ఎన్నిసార్లు చెప్పినా మీకందరికీ అది లండనే.

పేరు ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ నువ్వు నమ్మవు, పైగా తిడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. మొత్తం చదివాక తిట్టు.

నీకు కావలసిన పేరు నేను రోజూ చూస్తున్నదే. నైట్ షిఫ్ట్‌కి ఎక్కే బస్సు నుదుటి మీద రాసి ఉంటుంది: గాట్విక్. అవును, ఎయిర్‌పోర్టే. ఏటా 4 కోట్లమందికి పైగా ఎక్కీ దిగే ఎయిర్‌పోర్టు. ఆ పేరుకి అర్థం మేకల దొడ్డి.

నేనూ మొదట నమ్మలేదు. మా షిఫ్ట్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఒకరాత్రి టీ తాగుతూ "మనం పనిచేసేది మేకల కొట్టంలో, తెలుసా" అన్నాడు. సూపర్‌వైజర్ని తిడుతున్నాడేమో అనుకున్నా. తర్వాత లైబ్రరీకి వెళ్లి చూస్తే నిజమే. అప్పట్నుంచీ నాకిదో పిచ్చి పట్టింది. ఎక్కడ ఊరి బోర్డు కనబడినా ఆగి చదువుతున్నా. మీ వదినకి విసుగొచ్చి ఇప్పుడు కార్లో ముందు సీట్లో కూర్చోవడం మానేసింది.

పాత ఇంగ్లీషులో మేకని 'గాట్' అనేవాళ్లు. ఇప్పటి 'గోట్' దాని మనవడే. రెండో ముక్క 'వీక్'. రోమన్లు చిన్న పల్లెని, పేటని 'వీకుస్' అనేవాళ్లు. ఆ లాటిన్ మాట, ఇక్కడికి ఇంగ్లీషు తెచ్చిన ఆంగ్లో-సాక్సన్ల పూర్వీకుల నోట పడి, వాళ్లతోపాటే సముద్రం దాటి ఇక్కడికొచ్చింది. వచ్చాక నెమ్మదిగా 'ఒక పని కోసం పెట్టుకున్న చోటు' అనే అర్థంలోకి జారింది. ఉప్పు వండే చోటు కావచ్చు, సరుకు దిగే రేవు కావచ్చు, పల్లెల్లో మాత్రం ఎక్కువగా పాడి ఉన్న చోటు. మన దొడ్డి అంటే పశువుల్ని తోలే చోటు, అంతే కదా. వీళ్ల 'వీక్'లో పాలు పితకడం, వెన్న తీయడం, చీజ్ చేయడం కూడా కలిసి ఉన్నాయి. అంటే మేకల్ని పెంచి పాడి చేసుకునే దొడ్డి. రేకులు తప్పిస్తే నీ షెడ్డే.

రాతలో ఈ పేరు మొదట కనబడేది 1241లో. అప్పటి స్పెల్లింగు జి-ఎ-టి-డబ్ల్యూ-ఐ-కె. ఇప్పుడు చివరి కె ముందు ఒక సి ఉంది. అప్పటికీ ఇప్పటికీ తేడా అదొక్కటే.

ఈ సి సంగతి తర్వాత చెబుతాను. నన్ను నిద్రపోనివ్వనిది వేరే ప్రశ్న. 'గాట్' కాస్తా 'గోట్' అయిపోతే, ఊరు మాత్రం గోట్విక్ ఎందుకు కాలేదు? ఇక్కడివాళ్లు దాన్ని గ్యాట్విక్ అంటారు, దీర్ఘం లేకుండా. లోపల మేక ఉందని ఎవడికీ తట్టదు.

జవాబు దొరికినరోజు నేను బస్సులో ఒక్కణ్నే నవ్వుకున్నానురా, ఎందుకంటే ఆ కిటుకు మన తెలుగులో ఉంది. మూడు కాళ్ల పీటని ఏమంటాం? ముక్కాలిపీట. 'మూ' దీర్ఘం ఏమైంది? ఇంకో మాటతో అతుక్కునేసరికి కురచైపోయింది. ఆరు అంటాం, అరవై దగ్గరికొచ్చేసరికి దీర్ఘం ఉండదు. సరిగ్గా అలాగే 'గాట్' వెళ్లి 'వీక్'కి అతుక్కోగానే 'గట్' అయింది. ఆ తర్వాత, 12-13 శతాబ్దాల్లో, దక్షిణ ఇంగ్లండులో దీర్ఘం ఉన్న 'ఆ' లన్నీ 'ఓ' వైపు తిరిగాయి. 'స్టాన్' పోయి 'స్టోన్' వచ్చింది, 'హామ్' పోయి 'హోమ్' వచ్చింది, 'బాట్' పోయి 'బోట్' వచ్చింది. విడిగా ఉన్న మేక కూడా వాటితోపాటే మారిపోయింది. ఊరిపేరులో ఇరుక్కున్న మేకకి అప్పటికే దీర్ఘం లేదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. మంద వెళ్లిపోయాక దొడ్డిలో మిగిలిపోయిన పిల్లలాగా అక్కడే ఉండిపోయింది.

స్టాన్‌స్టెడ్ ఎయిర్‌పోర్టు పేరులోనూ ఇదే కథ. 'స్టాన్' అంటే రాయి, మొత్తం కలిపి రాళ్ల చోటు. లండన్ చుట్టూ ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టుల్లో మిగతా రెండూ కూడా చెప్పేస్తా, ఆకాశంలో విమానం కనబడితే మీ అబ్బాయికి చెప్పుకోవచ్చు. లూటన్ అంటే లీ అనే ఏటి ఒడ్డున ఉన్న వ్యవసాయపు ఊరు. మనవాళ్లందరూ దిగే హీత్రో, పొదలు పెరిగిన బీడు పక్కన వరసగా కట్టుకున్న ఇళ్లు. సుమారు 1410 ప్రాంతంలో దాన్ని 'లా హెథెరెవె' అని రాశారు. ఆ 'లా' ఫ్రెంచి వాళ్లది. అక్కడ తోటలూ పొలాలూ ఉండేవి, 1944లో వాటిని పడగొట్టి రన్‌వే వేశారు. నాలుగు ఎయిర్‌పోర్టులు, నాలుగూ పల్లెటూరి పేర్లే! ఒక్కదాంట్లో కూడా స్టైల్ లేదు.

ఇక స్పెల్లింగుల గోల. మీ నాన్న పేరు రేషన్ కార్డులో ఒకలా, పట్టాదారు పాసుపుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకొకలా ఉండి లోను దగ్గర ఎన్ని తిప్పలు పడ్డావో చెప్పావు కదా. ఇంగ్లండు మొత్తానికి ఒకప్పుడు ఆ తిప్పలే. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఈ దేశాన్ని పట్టుకున్నారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1086లో, ఎవరికెంత భూమి, ఎన్ని నాగళ్లు, ఎన్ని పందులు అని లెక్కలు తీయించారు. దాన్నే డూమ్స్‌డే లెక్క అంటారు. చెప్పేవాడు ఇంగ్లీషు రైతు, రాసేవాడు లాటిన్ నేర్చిన గుమస్తా, అతని చెవి చాలాసార్లు ఫ్రెంచి చెవి. విన్నది విన్నట్టు రాయబోయి తనకి తోచినట్టు రాశాడు. 792లో 'లిగెటూన్' అని ఉన్న లూటన్ ఈ లెక్కలో 'లోయిటోనె' అయింది. 918లో 'ఉలువిచ్' లాగా రాసిన ఊలిచ్ (ఇప్పుడు లండన్‌లో ఒక పేట) వీళ్ల చేతిలో 'హుల్విజ్' అయింది. నాకైతే ఆ 'హుల్విజ్' చూస్తే మందు పేరేమో అనిపిస్తుంది.

నాటింగ్‌హామ్ కథ ఇంకా బావుంటుంది. దాని అసలు పేరు ముందు ఒక ఎస్ ఉండేది, స్నాటింగహామ్. స్నాట్ అనే పెద్దమనిషి మనుషులు స్థిరపడ్డ ఊరని అర్థం. ఇప్పటి ఇంగ్లీషులో స్నాట్ అంటే చీమిడి. డూమ్స్‌డే లెక్కలో కూడా ఆ ఎస్ ఉంది. తర్వాత ఫ్రెంచి నాలుకలకి 'స్న' తిరగక ఎస్ రాలిపోయింది, మా తాత స్టేషన్‌ని టేసను అన్నట్టు. పలకలేని నాలుక ఒక్కోసారి ఊరి పరువు కాపాడుతుందిరా.

మనకి మాత్రం ఏం తక్కువ? ఈ నార్మన్ గుమస్తాల మునిమనవలే కదా ఓడలెక్కి మన దగ్గరికొచ్చి గుమస్తాగిరీ చేసింది. తమకి జరిగింది మనకి చేశారు. గడప అనే మాటలోంచి వచ్చిన మన కడపని సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్ అని రాశారు. స్కూల్లో ఆ స్పెల్లింగు తప్పు రాసి నువ్వు గోడకుర్చీ వేశావు, గుర్తుందా? 2005లో ప్రభుత్వం దాన్ని కె తో మొదలయ్యే మామూలు కడపగా మార్చింది. అయినా మహారాష్ట్ర వైపు వంటింటి గట్టుకి వేసే మన నల్లరాయిని ఇప్పటికీ 'కడప్పా' అంటారు. ఊరికి స్పెల్లింగు మారినా రాయి పాత యాసలోనే ఉంది. గాట్విక్ మేకా అంతే.

ఇప్పుడు ఆ సి సంగతి. పాత ఇంగ్లీషులో 'వీక్' చివర రాసేది సి అక్షరమే. కొన్ని చోట్ల దాన్ని 'చ' లాగా, కొన్ని చోట్ల 'క' లాగా పలికేవాళ్లు. రాసేవాళ్లకి ఈ రెండూ తేడా తెలిసేలా రాయాల్సొచ్చింది. అందుకని 'చ' పలికే చోట సి-హెచ్, 'క' పలికే చోట కె. అలా ఒకే మాట నారిచ్, గ్రెనిచ్‌లలో ఒక రకంగా, గాట్విక్‌లో ఒక రకంగా కూర్చుంది. తర్వాత, పొట్టి అచ్చు వెనక కె వస్తే ముందు సి కూడా పెట్టడం అలవాటైంది. ఇంతేనా, ఐ బదులు వై రాయడం ఇంకో వేషం. అప్పటి చేతిరాతలో ఎం, ఎన్, యు, ఐ అన్నీ నిలువు గీతలే, పక్కపక్కన పడితే పళ్ల దువ్వెనలాగా కనబడేవి. కళ్లకి ఆనుతుందని చాలామంది ఐ తీసేసి తోక ఉన్న వై పెట్టేవాళ్లు. అందుకే పాత కాగితాల్లో ఈ 'విక్' ఊళ్లు ఒకటే పేజీలో రెండు రకాలుగా కనబడినా ఎవరూ కంగారు పడరు. 'సరైన స్పెల్లింగు' అనే టెన్షనే అప్పట్లో లేదు. అది అచ్చు యంత్రం, మ్యాపులు, రైల్వే స్టేషన్ బోర్డులు వచ్చాక పుట్టిన రోగం.

పలకడం సంగతి అడగకు. వచ్చిన కొత్తల్లో లండన్‌లో ఒకావిడని "చిస్‌విక్‌కి ఎలా వెళ్లాలి" అని అడిగా. ఆవిడ నన్ను జాలిగా చూసి, అలాంటి ఊరు లేదంది. దాన్ని 'చిజిక్' అనాలట. చీజ్ చేసే దొడ్డి అని అర్థం, సుమారు వెయ్యో సంవత్సరంలో 'చేస్‌వికన్' లాంటి రూపంలో ఉంది. అదే చీజ్ దొడ్డి ఉత్తరాన ఇంకోటుంది, దాన్ని 'కెజిక్' అంటారు. అటువైపు ఉత్తరాది నుంచి ఓడల్లో వచ్చిపడ్డ వైకింగుల నాలుక కలిసింది కాబట్టి 'చ' లు 'క' లయ్యాయి. ఒకే అర్థం, రెండు పేర్లు, రెండింట్లోనూ డబ్ల్యూ దండగ.

ఇన్ని 'విక్'లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెప్పనా? యార్క్. అందులో విక్ ఎక్కడుందంటావు. చివరి 'క్' ఉంది చూడు, అదే. రోమన్ల కాలంలో ఆ ఊరు ఎబొరాకుమ్. అంతకుముందు ఉన్న స్థానికుల మాట అది, ఒక రకం చెట్టు పేరు మీద వచ్చిందంటారు. ఆంగ్లో-సాక్సన్లకి ఆ మాట అర్థం కాలేదు. అర్థంకాని మాటని నోరు ఊరికే వదలదు కదా, తనకి తెలిసిన దానిలోకి లాక్కుంటుంది. వాళ్ల భాషలో 'ఎవొర్' అంటే అడవిపంది. దాంతో ఎబొరాకుమ్ కాస్తా 'ఎవొర్‌విక్', అంటే అడవిపంది దొడ్డి అయి కూర్చుంది! అక్కడ పందుల దొడ్డి ఉందనేం కాదు. 866లో వైకింగులు దాన్ని పట్టుకుని 'యోర్విక్' అన్నారు. అది అరిగీ అరిగీ యార్క్ అయింది. అమెరికాలో న్యూయార్క్ ఉందే, దాని తోకలో కూడా లేని దొడ్డి ఒకటి వేలాడుతోంది.

మళ్లీ మన మేకల దగ్గరికి వద్దాం. గాట్విక్ భూమి మధ్యయుగంలో 'ద గాట్విక్' అనే కుటుంబం చేతిలో ఉండేది. మనకి ఊరిపేరే ఇంటిపేరైనట్టు వాళ్లకీ దొడ్డి పేరే ఇంటిపేరు. ఆ వంశంవాళ్లు 1890లో ఆ భూమిని ఒక గుర్రప్పందేల కంపెనీకి అమ్మేశారు. మరుసటి ఏడాది రేస్‌కోర్సు, దానికో రైల్వే స్టేషన్ వచ్చాయి. స్టేషన్ బోర్డు మీదికి ఎక్కాక ఇక స్పెల్లింగుని కదిపేవాడెవడు? మొదటి ప్రపంచయుద్ధంలో లివర్‌పూల్ దగ్గరి పందేల మైదానాన్ని సైన్యం తీసుకుంటే, 1916 నుంచి 1918 దాకా అక్కడ జరగాల్సిన ఈ దేశపు అతిపెద్ద గుర్రప్పందేనికి బదులుగా పెట్టిన పందేన్ని ఈ మేకల దొడ్డిలోనే జరిపారు. పక్కన హంట్స్ గ్రీన్ అనే ఫారం ఉండేది. ఆ పొలంలో 1920ల చివర్లో చిన్న విమానాలు దిగడం మొదలైంది, 1930లో లైసెన్సు వచ్చింది. 1958 జూన్ 9న రాణిగారు వచ్చి ఇప్పటి ఎయిర్‌పోర్టుని ప్రారంభించారు. మధ్యలో ఏరు అడ్డమొస్తే దాన్ని రన్‌వే కిందుగా పంపారు. 1974లో జిల్లా కూడా మారిపోయింది, సర్రీలోంచి తీసి వెస్ట్ ససెక్స్‌లో కలిపారు. రైతులు పోయారు, గుర్రాలు పోయాయి, ఏరు దారి తప్పింది, జిల్లా మారింది. పేరులో మేక మాత్రం అలాగే ఉంది.

మేకల మాట పక్కన పెట్టి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఎయిర్‌పోర్టు పక్కనే టిన్స్‌లీ గ్రీన్ అనే పల్లె ఉంది. అక్కడ ఏటా గుడ్ ఫ్రైడే రోజు గోళీలాటలో ప్రపంచ ఛాంపియన్‌షిప్పు జరుగుతుంది! నిజంగా గోళీలే. ఆరడుగుల గుండ్రటి గచ్చు మీద ఇసుక చల్లి, 49 గోళీలు పెట్టి కొడతారు. 1588లో ఇద్దరు కుర్రాళ్లు ఒక పాలమ్మాయి కోసం గోళీలాడి తేల్చుకున్నారని కథ చెబుతారు, పోటీలు మాత్రం 1932 నుంచి ఉన్నాయి. పెద్దపెద్దవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని గురి చూస్తుంటే నాకు నువ్వూ, మీ చింతచెట్టూ, నా దగ్గర గెలుచుకుని తిరిగివ్వని పచ్చగోళీ గుర్తొచ్చాయి. ఆ గోళీ నాకింకా బాకీ ఉన్నావు.

సరే, బోర్డు. గాట్విక్ గోట్ ఫారం అని రాయించావనుకో, పలకడానికి దర్జాగానే ఉంటుంది. తెలిసినవాడు చదివితే 'మేకల దొడ్డి మేకల దొడ్డి' అని రాసినట్టుంటుంది, నడి సెంటర్ అన్నట్టు. కాబట్టి ఒక్క గాట్విక్ చాలు. కింద తెలుగులో మేకల దొడ్డి అని పెట్టించు. ఎలాగూ అర్థం అదే, ఎవరైనా అడిగితే నువ్వు చెప్పనక్కర్లేదు.

నాకున్న భయం ఒక్కటే, మీ నాన్న. ఆయన నోట్లో ఈ మాట పడితే ఊరుకోదు. షెడ్డు గట్టు మీదుంది కాబట్టి రెండురోజుల్లో 'గట్టువిక్కు' అంటాడు చూడు. ఊరంతా అదే అంటుంది. మీ మనవడి కాలానికి 'గట్టు మీద ఉందని తాత ఆ పేరు పెట్టాడు' అని చెప్పుకుంటారు, మేక సంగతి ఎవరికీ గుర్తుండదు. యార్క్‌వాళ్ల అడవిపంది అలా పుట్టిందే కదా.

స్పెల్లింగు విడిగా పంపను. పైన రాశాను, వెతుక్కో. బోర్డు రాసే ఆయన కె ముందు సి మర్చిపోతే మాత్రం కేకలెయ్యకు, డబ్బులు కోత పెట్టకు. 1241లో ఉన్నట్టే రాశాడని చెప్పి ఫోటో తీసి పంపు, మా షిఫ్ట్ పెద్దాయనకి చూపించాలి.

పిన్నమ్మకి మోకాలు ఎలా ఉంది? ఆవిడ అడిగిన నొప్పి బిళ్లలు కొనిపెట్టాను, సంక్రాంతికి తెస్తా. ఈలోగా నా పేరు చెప్పి ఆ పెద్ద పోతుని అమ్మకుండా ఉంచు.

నీ,
రాజు